లంబసింగి దారి మలుపులు

భీమవరము చుట్టుప్రక్కల నేల అరచేయి వలె చదునుగా నుండును. ఊరిలోని ఎత్తైన మేడ యెక్కి నలుదిక్కుల పరికించినను కొండ యనునది కానరాదు. వరిచేలు, కొబ్బరిచెట్లు, చేపల చెరువులు, వాని నడుమ పంట కాలువలు, మురుగు కాలువలు, ఇంతియే దృశ్యము. అయినను ఇచ్చటి దారులు తిన్ననివి కావు. ఉండి వైపు వెళ్ళినను, పాలకోడేరు వైపు వెళ్ళినను, నరసాపురము వైపు వెళ్ళినను, కొంత దూరము సాగగానే దారి ఒక ప్రక్కకు ఒదిగి, సర్దుకొని, మరల ఇంకొక ప్రక్కకు ఒదుగును. అడ్డుగా కొండ లేనపుడు దారి ఏల వంకర పోవలెనని క్రొత్తగా వచ్చినవారు అడుగుదురు. ఆ ప్రశ్నకు సమాధానము దారి ప్రక్కనున్న కాలువ చెప్పును.

సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో ధవళేశ్వరము వద్ద గోదావరికి ఆనకట్ట పని 1847లో ప్రారంభమై 1852లో పూర్తి అయినది. అచ్చటి నుండి డెల్టా అంతటికి నీరు పంచుటకు కాలువలు త్రవ్వబడినవి. డెల్టా పైకి చదునుగా కనిపించినను దానికి దాని మిట్టపల్లములు గలవు. వేల యేండ్లుగా నదీపాయలు ఒండ్రు పోసిన వరుసలు కొంచెము మిట్టగా నుండును; వాని నడుమ భూమి కొంచెము పల్లముగా నుండును. పంట కాలువ మిట్ట మీదుగా పోయినగాని రెండు వైపుల పొలములకు నీరు దిగదు. మురుగు కాలువ పల్లము వెంబడి పోయినగాని నీరు సముద్రమునకు చేరదు. అందుచేత పంట కాలువలు మిట్టల వంపును అనుసరించినవి. భీమవరమును ఒరసి పోవు యనమదుర్రు మురుగు కాలువ పల్లపు వంపును అనుసరించినది.

కాలువలు త్రవ్విన తొలినాళ్ళలో అవియే రహదారులు. ధాన్యము, ఉప్పు, కలప, పెండ్లివారు, అందరును పడవల మీదనే ప్రయాణము చేసిరి. గాలి లేనపుడు పడవవారు గట్టు మీదికి దిగి త్రాడుతో పడవను లాగుచు నడచిరి. ఆ కాలిబాట కొంత కాలమునకు బండిబాట అయినది. బండిబాట మీద కంకర పడినది, కంకర మీద తారు పడినది. కనుక భీమవరపు మలుపులు నీరు దిద్దిన మలుపులు. మట్టికాలువ ఒక్కసారిగా మలుపు తిరిగినచో ప్రవాహము వెలుపలి గట్టును కోసివేయును. అందుచేత కాలువ వంపులు విశాలముగా నుండును. వానిని అనుసరించిన దారి కూడ మెత్తగా వంగును. సాయంకాలము వేళ ఆ గట్టు మీద బండి నడుపుచు పోవుట చక్కని అనుభవము.

కాని డెల్టా యువకులకు ఈ మెత్తని వంపులు చాలవు. శీతకాలము రాగానే, సంక్రాంతి ముందు వెనుకల, భీమవరము నుండి మోటారు సైకిళ్ళ మీద, కార్లలో బృందములుగా బయలుదేరి తణుకు, రాజమహేంద్రవరము, తుని దాటి నర్సీపట్నము చేరుదురు. అచ్చటితో చదును నేల ముగియును. నర్సీపట్నము నుండి లంబసింగి సుమారు 30 కిలోమీటర్లు. మొదట మామిడి, జీడిమామిడి తోటలు. పిదప దారికి ఇరువైపుల అడవి దగ్గరకు జరుగును. ఆ పిదప దారి కొండ నడుమునకు చుట్టుకొనును. ఒక మలుపులో లోయ కుడివైపున ఉండును, మరుసటి మలుపులో ఎడమవైపునకు వచ్చును. తెల్లవారుజామున పొగమంచు చక్రముల ఎత్తున పారుచుండును. సముద్రమట్టమునకు దాదాపు 1,000 మీటర్ల ఎత్తున నున్న లంబసింగిలో చలి యెంత యుండుననగా, కొన్ని యేడులు ఉష్ణోగ్రత సున్నకు చేరువగా దిగినట్లు వార్తలు వచ్చును. ఆంధ్ర కాశ్మీరమని ఆ ఊరికి ముద్దుపేరు. చెరువులవేనము మిట్ట మీది నుండి మేఘములను పైనుండి క్రిందికి చూడవచ్చును. తాజంగి చెరువు, చింతపల్లి కాఫీ తోటలు, వెండి ఓకు చెట్లకు ప్రాకిన మిరియపు తీగెలు ఆ పైన కనబడును.

అయినను వెళ్ళివచ్చినవారిని అడిగినచో, పెక్కుమంది ముందుగా చెప్పునది చలిని గూర్చి కాదు, దారిని గూర్చియే. ఏ మలుపు ఎంత బిగుతో, ఎచ్చట రెండవ గేరు వేయవలసి వచ్చెనో, ఎచ్చట లోయ హఠాత్తుగా తెరచుకొనెనో వారు చేతులు త్రిప్పి చూపుచు వర్ణింతురు. ఈ ఉల్లాసము నిష్కారణమైనది కాదు. తిన్నని రోడ్డు మీద బండి నడుపువానికి చేయవలసిన పని స్వల్పము. మలుపుల దారిలో కన్ను, చేయి, కాలు, చెవి, నాలుగును ఒక్కటై పని చేయవలెను. మలుపునకు ముందే వేగము తగ్గింపవలెను. వంపు నడుమ బండిని నిలకడగా నుంచవలెను. అవతలి కొస కనబడిన పిదపనే మరల వేగము పెంచవలెను. ఈ మూడింటి లయ కుదిరినపుడు నడుపువానికి కలుగు సంతోషము, మృదంగము పట్టినవానికి తాళము కుదిరినపుడు కలుగు సంతోషము వంటిది. లయ తప్పినచో శిక్షయు వెంటనే కలుగును. వేగము రెండింతలైనచో మలుపులో బండిని వెలుపలికి త్రోయు బలము నాలుగింతలగును. వేగము పెంచక మలుపు వ్యాసార్ధమును సగము చేసినను ఆ బలము రెండింతలగును. అందుకే ఇంజనీర్లు మలుపు వద్ద రోడ్డు వెలుపలి అంచును కొంచెము ఎత్తు చేయుదురు.

కొండదారి ఇన్ని మెలికలు తిరుగుటకు కారణము లెక్కలో ఉన్నది. బరువుతో నున్న బండి నిటారుగా కొండ యెక్కలేదు. దారి పొడవు 20 అడుగులు సాగునప్పటికి ఒక అడుగు కంటె మించి ఎత్తు ఎక్కకుండుట కొండ రోడ్లకు మేలైన వాలు అని ఇంజనీర్లు చెప్పుదురు. 800 మీటర్ల ఎత్తును ఆ వాలుతో ఎక్కవలెననిన 16 కిలోమీటర్ల దారి కావలెను. కాకి పోవు మార్గమున కొండ శిఖరము నాలుగైదు కిలోమీటర్లే యుండవచ్చును. ఆ 16 కిలోమీటర్లను కొండ ఒంటి మీద ఎచ్చట పరచవలెను? ముందునకు కొంత, వెనుకకు కొంత, మరల ముందునకు కొంత మడత పెట్టి పరచవలెను. ఆ మడత పడిన చోటనే హెయిర్‌పిన్ మలుపు పుట్టును.

ఈ దారిని కొండ మీద గుర్తించుటకు వెనుకటి నుండి వాడుకలో నున్న పరికరము సిలోన్ ఘాట్ ట్రేసరు. ఒక కర్రకు వ్రేలాడు లోహపు గొట్టము, దాని క్రింద జరుపుటకు వీలైన బరువు, అంకెలు చెక్కిన కమ్మి, ఇంతే దాని నిర్మాణము. కావలసిన వాలు అంకె వద్ద బరువును నిలిపి, గొట్టములోనుండి చూచినచో, అదే ఎత్తు గల గురికర్రను పట్టుకొని ముందు నిలుచున్న మనిషి ఎంత పైకి ఎక్కవలెనో, ఎంత క్రిందికి దిగవలెనో తెలియును. అతడు నిలిచిన చోట మేకు దిగగొట్టి, మరల ముందునకు సాగుదురు. ఇట్లు మేకుల వరుస కొండ చుట్టు నడచును. వాగు వచ్చినచో లోపలికి ఒదుగును, రాతికొమ్ము వచ్చినచో వెలుపలికి పొంగును. నేడు మనము ఉల్లాసముతో త్రిప్పు ప్రతి మలుపును ఒకప్పుడు ఒక మేకు నుండి మరియొక మేకు వరకు గీసిన గీతయే.

గీత గీచుట ఒకరి పని. ఆ గీత వెంబడి చెట్టు నరికి, రాయి పగులగొట్టి, మన్ను మోసి దారి చేయుట వేరొకరి పని. లంబసింగి దారి చరిత్రలో ఈ రెండవవారి కథయే ముఖ్యమైనది. ఆ కథకును భీమవరమునకును దగ్గరి సంబంధము కలదు.

గోదావరికి ఉత్తరముగా వ్యాపించిన కొండ ప్రాంతమును మనవారు మన్యమనిరి. ఆంగ్ల ప్రభుత్వము ఏజెన్సీ అనినది. 1839 నాటి గంజాం విశాఖపట్నం చట్టము ననుసరించి విశాఖ మన్యము సామాన్య న్యాయస్థానముల పరిధికి వెలుపల, కలెక్టరు ఏజెంటు అను హోదాలో ప్రత్యేకాధికారములతో పాలించు ప్రాంతమైనది. కొండలలో ముఠాదారులు గ్రామసముదాయములపై పెత్తనము వహించుచుండిరి. కొండరెడ్లు, బగతలు, కోయలు మొదలగువారు కొండవాలున చెట్లు నరికి, కాల్చి, ఆ బూడిదలో విత్తనములు చల్లి పోడు వ్యవసాయము చేయుచుండిరి. జీలుగు కల్లు వారి ఆహారములో భాగము. రంపలో ఆ కల్లు మీదనే పన్ను వేసినపుడు, దానితో పాటు పెత్తందారుల వసూళ్ళు, పల్లపు వర్తకుల అప్పులు పెరిగినపుడు, 1879 మార్చిలో తిరుగుబాటు చెలరేగెను. అది గూడెము, రేకపల్లి వరకు వ్యాపించి 1880 దాక సాగెను. అణచుటకు వెళ్ళిన సైనికులకు తుపాకుల కంటె పెద్ద శత్రువులు రెండు: ఒకటి మన్యపు జ్వరము, రెండవది దారి లేకుండుట.

దారి లేని కొండలో పాలన నిలువదను పాఠము ప్రభుత్వమునకు క్రొత్తది కాదు. ఇదే పాఠమును స్కాట్లండు కొండలలో ఆంగ్లేయులు 18వ శతాబ్దిలోనే నేర్చియుండిరి. 1715లో అచ్చట తిరుగుబాటు జరిగిన పిదప జనరల్ వేడ్ అను సేనాని 1725 మొదలుకొని సుమారు 250 మైళ్ళ సైనిక మార్గములు వేయించెను. వానిలో కొరియారిక్ కనుమ మీదుగా 1731లో వేసిన మెలికల దారి మిక్కిలి ప్రసిద్ధము. ఆ దారి ఎవరిని లొంగదీయుటకు వేయబడినదో వారే, 1745లో మరల తిరుగబడినపుడు, ఆ దారి మీదుగానే దక్షిణమునకు నడచిపోయిరి. దారికి యజమాని ఎవరని అడిగినచో నడచువాడే అని చరిత్ర అచ్చట సమాధానము చెప్పినది. నేడు ఆ కొండదారులు యాత్రికులు ముచ్చటపడి నడచు విహారమార్గములైనవి.

మన మన్యములో దారుల వెనుక మరియొక అవసరము కూడ నుండెను. 1882 మద్రాసు అటవీ చట్టము వచ్చిన పిదప అడవి ప్రభుత్వపు ఆస్తి అయినది. పోడు మీద ఆంక్షలు వచ్చినవి. కట్టెపుల్లకు, ఆకునకు, మేతకు కూడ అటవీ సిబ్బందిని అడుగవలసి వచ్చినది. కలప పల్లమునకు దిగవలెననిన దారి కావలెను. పోలీసు, తహసీలుదారు, గుత్తేదారు పైకి ఎక్కవలెననిన దారి కావలెను. కొండవారికి మాత్రము తమ కాలిబాటలు చాలును. కావడితో, నెత్తి మూటతో సంతకు దిగి మరల ఎక్కుటకు వారికి 20 అడుగులకు ఒక అడుగు వాలు అక్కరలేదు. కనుక ఆ రోజులలో మన్యపు రోడ్డు పైకి తెచ్చిన వానిలో కొండవారు కోరినవి మిక్కిలి తక్కువ.

ఇట్టి స్థితిలో గూడెము ప్రాంతమునకు డిప్యూటీ తహసీలుదారుగా నుండిన బాస్టియన్ అను అధికారి నర్సీపట్నము నుండి లంబసింగి మీదుగా చింతపల్లి దిశగా మార్గనిర్మాణమునకు పూనుకొనెను. పనికి కూలీలు కావలసి వచ్చిరి. కొండ గ్రామముల నుండి మనుష్యులను బలవంతముగా రప్పించి పని చేయించిరి. కూలి సరిగా ఈయలేదు. ఇచ్చినది పల్లపు కూలి కంటె ఎంతయో తక్కువ. తమ పోడు మీద పని చేసికొనవలసిన చేతులు తాము కోరని రోడ్డుకు రాళ్ళు కొట్టినవి. ఈ వెట్టిని గూర్చి పై అధికారులకు ఫిర్యాదులు వెళ్ళినను కూలీల కష్టము తీరలేదు. బట్టిపనుకుల గ్రామమునకు చెందిన గాము గంటందొర, గాము మల్లుదొర సోదరులు పదవిని, భూమిని కోల్పోయి ఆ అధికారిపై తీవ్రమైన ఆగ్రహముతో నుండిరి. రోడ్డు మీద పుట్టిన ఈ ఆగ్రహమునకు ఒక నాయకుడు కావలసి యుండెను.

ఆ నాయకుడు పల్లము నుండి వచ్చెను. భీమవరమునకు సమీపమున, నేటి పాలకోడేరు మండలములో, మోగల్లు అను గ్రామము కలదు. అల్లూరి వారి కుటుంబమునకు అది స్వగ్రామము. ఆ కుటుంబములో జనించిన సీతారామరాజు 1897 జూలై 4న విశాఖపట్నము జిల్లా పాండ్రంగిలో, మాతామహుల యింట, పుట్టెనని పెక్కురు చెప్పుదురు. తండ్రి వెంకటరామరాజు రాజమహేంద్రవరములో ఛాయాచిత్రకారుడు; కుమారుని చిన్నతనముననే మరణించెను. పినతండ్రి రామకృష్ణంరాజు రెవిన్యూ శాఖలో ఉద్యోగి. తల్లి సూర్యనారాయణమ్మ పోషణలో బాలుడు నరసాపురము, కాకినాడ మొదలగు చోట్ల చదివెను. చదువు కంటె గుఱ్ఱపు స్వారి, జ్యోతిషము, మూలికావైద్యము, దేశాటనము ఆయనను ఎక్కువగా ఆకర్షించెను. 1917లో కృష్ణదేవిపేట చేరి సన్న్యాసి వలె జీవించుచు, కొండవారికి మందులిచ్చుచు, వారి తగవులు తీర్చుచుండెను. సహాయనిరాకరణోద్యమ కాలమున కల్లు మానుడని, న్యాయస్థానములకు పోక పంచాయతీలలో తగవులు తీర్చుకొనుడని బోధించెను. వంపు తిరిగిన కాలువ గట్లు చూచి పెరిగిన ఆ యువకుడు మన్యములో వెట్టితో మెలిక తిరుగుచున్న కొండదారిని చూచెను. ఆ దారి కూలీల కష్టమును తన కష్టముగా భావించెను.

1922 ఆగష్టు 22న సీతారామరాజు దళము చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి చేసెను. మరునాడు కృష్ణదేవిపేట, ఆ మరునాడు రాజవొమ్మంగి. మూడు రోజులలో మూడు ఠాణాలు. 26 తుపాకులు, సుమారు 2,500 తూటాలు దళము వశమైనవి. తాము తీసికొనిపోవుచున్న వస్తువులను ఠాణా దినచర్య పుస్తకములో వ్రాసి సంతకము చేసిపోవుట రాజు పద్ధతి. ఈ మూడు ఊళ్ళ నడుమ దూరములను, అడ్డముగా నున్న కొండలను ఎరిగినవారికి ఆ మూడు రోజుల నడక ఎంతటిదో బోధపడును. ప్రభుత్వము వేసిన దారి కొండను చుట్టి పోవును. కొండవాని బాట కొండను దాటి పోవును. మెలికల దారిలో సేన ఒక చుట్టు తిరుగులోపల తిరుగుబాటుదారులు అడ్డబాటను దిగి ముందే నిలిచియుండగలరు.

ఈ సత్యము నెల రోజులకు దామనపల్లి ఘాటులో ఋజువైనది. 1922 సెప్టెంబరు 24న స్కాట్ కవర్డ్, హైటర్ అను ఇద్దరు ఆంగ్లేయ అధికారుల నాయకత్వమున పోలీసు బలగము ఆ ఘాటులో పోవుచుండెను. ఇరుకుదారిలో వరుసగా నడువక తప్పదు. ముందు మలుపు అవతల ఏమున్నదో కనబడదు. పైన చెట్ల చాటున ఎవరున్నారో తెలియదు. రాజు దళము ముందు నడచుచున్న భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనుక వచ్చుచున్న ఆంగ్లేయాధికారులపై కాల్పులు జరిపెను. ఇద్దరును అచ్చటనే మరణించిరి. మన దేశీయులపై చేయి చేసికొనవద్దని రాజు ఆదేశించినట్లు చెప్పుదురు. ఆ దినమున పోలీసు వరుసలో మొదటివారు క్షేమముగా మలుపు దాటుట దానికి నిదర్శనము. నేడు మలుపులో హారను మ్రోగించి అవతల ఎవరైన ఉన్నారేమో అని సందేహించు వాహనచోదకుడు, ఆనాటి సిపాయి గుండె ఏ విధముగా కొట్టుకొనెనో కొంచెము ఊహింపగలడు.

తరువాతి కథ తెలుగువారికి తెలిసినదే గనుక సంగ్రహముగా చెప్పుకొందము. మలబారు ప్రత్యేక పోలీసులు వచ్చిరి. 1924లో అస్సాం రైఫిల్స్ దళము వచ్చెను. రహదారుల కూడళ్ళలో ఠాణాలను బలపరచి, గ్రామములకు ఆహారము అందకుండ, దళమునకు గ్రామముల తోడ్పాటు అందకుండ చేసిరి. అడవిబాటలు రాజు వశముననే యుండినను, తిండిగింజలు వచ్చు దారులు ప్రభుత్వపు వశమైనవి. 1923లో మల్లుదొర పట్టుబడెను. 1924 మే 7న మంప పరిసరములలో సీతారామరాజును పట్టుకొని, కొయ్యూరు తీసికొనిపోయి, మేజర్ గుడాల్ ఆజ్ఞపై విచారణ లేకుండ కాల్చి చంపిరి. ఆయన సమాధి కృష్ణదేవిపేటలో ఉన్నది. గంటందొరయు అదే సంవత్సరమున కాల్పులలో మరణించెను. యావజ్జీవ శిక్ష అనుభవించి బయటపడిన మల్లుదొర మాత్రము స్వతంత్ర భారతమును చూచెను; 1952లో విశాఖపట్నము నుండి మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యెను. లంబసింగి దారి మీద వెట్టికి నిలిచిన తరమువాడు ఢిల్లీ రాజపథము మీద నడచి పార్లమెంటులో ప్రవేశించుట ఈ కథలో మరువరాని ఘట్టము.

దారి మాత్రము నిలిచినది. కంకర రోడ్డు తారు రోడ్డయినది. కాఫీ, పసుపు, మిరియములు దాని మీదుగా పల్లమునకు దిగినవి. ఉపాధ్యాయులు, వైద్యులు, బస్సులు పైకి ఎక్కినవి. రాజమహేంద్రవరము నుండి రంపచోడవరము, కొయ్యూరు, లంబసింగి, పాడేరు, అరకుల మీదుగా విజయనగరము చేరు 516-ఇ జాతీయ రహదారి నేడు తిరుగుబాటు సాగిన నేల గుండనే పోవుచున్నది. 2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రముగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిరి. ఆనాడే భీమవరము పశ్చిమగోదావరి జిల్లాకు కేంద్రమైనది. అదే సంవత్సరము జూలై 4న, 125వ జయంతి సందర్భమున, భీమవరములో 30 అడుగుల సీతారామరాజు కంచు విగ్రహమును ప్రధానమంత్రి ఆవిష్కరించిరి. లంబసింగికి బయలుదేరు మన యువకులలో ఎంతమంది ఆ విగ్రహమును చూచి, తాము పోవుచున్న దారికిని ఆయనకును గల సంబంధమును తలచుకొందురో!

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. రాజును, ఆయన వెంట నడచిన కొండవారిని రోడ్డుకు విరోధులనియు, అభివృద్ధికి అడ్డు నిలిచినవారనియు తలచుట పొరపాటు. నేటి మన్యమును చూచినచో ఈ సంగతి స్పష్టమగును. ప్రధాన రహదారి నుండి లోనికి, ఎత్తైన కొండల మీద, రోడ్డు లేని గిరిజన గ్రామములు ఈనాటికిని కలవు. అచ్చట నిండు గర్భిణికి నొప్పులు వచ్చినచో, కఱ్ఱకు దుప్పటి కట్టి డోలీ చేసి, ఇద్దరు మనుష్యులు భుజముల మీద మోయుచు, వాగులు దాటి, అంబులెన్సు నిలిచిన చోటికి తీసికొని రావలెను. దారి నడుమ ప్రసవించినవారు, దారి నడుమ ప్రాణము విడిచినవారు గలరు. రోడ్డు వేయుడని ఆ గ్రామస్థులే డోలీలు భుజముల మీద పెట్టుకొని నిరసన ప్రదర్శనలు జరిపిరి; కొన్ని చోట్ల తామే చందాలు వేసికొని, పార పట్టి దారి చదును చేసికొనిరి. గిరిజన గ్రామములకు మార్గములు వేయుటకై 2025లో 'అడవితల్లి బాట' అను కార్యక్రమమును రాష్ట్ర ప్రభుత్వము ఆరంభించినది.

వంద సంవత్సరముల క్రిందట ఏ కొండలలో రోడ్డు పని తిరుగుబాటునకు దారి తీసెనో, ఆ కొండలలోనే నేడు రోడ్డు కొరకు ప్రజలు ఎలుగెత్తుచున్నారు. ఈ రెండింటి నడుమ వైరుధ్యము లేదు. ఆనాడు వారు నిరాకరించినది బలవంతమును, ఎగవేసిన కూలిని, తమ అడవిని క్రిందికి దించుకొని పోవుటకై వేసిన దారిని. నేడు వారు కోరుచున్నది తమ బిడ్డను ఆసుపత్రికి చేర్చు దారిని. రాయి అదియే, వాలు అదియే, మలుపు అదియే. దాని మీద ఎవరి అవసరము ముందు నడచునన్నదే ప్రశ్న. మన్యపు చరిత్ర మనకు చెప్పునది ఇదియే.

కొండదారులలో బండి నడుపుటకు ఒక చక్కని నియమము కలదు. ఇరుకైన చోట రెండు బండ్లు ఎదురైనచో, దిగుచున్న బండి ఆగి, ఎక్కుచున్న బండికి దారి ఈయవలెను. ఎక్కువాని శ్రమ అధికమగుట, ఆగినచో మరల కదలుట వానికి కష్టమగుట దీనికి కారణము. ఇది మన దేశపు మోటారు వాహన నిబంధనలలోను వ్రాయబడియున్నది. దిగునపుడు బ్రేకును మాత్రమే నమ్ముకొనక, ఎక్కుటకు వేసిన గేరులోనే దిగవలెననియు, మలుపులో ముందుబండిని దాటరాదనియు పెద్ద డ్రైవర్లు చెప్పుదురు. మలుపుల ఆనందము ఈ మర్యాదలను పాటించినవానికే దక్కును. అతివేగమును ఉల్లాసమని భ్రమించినవానికి లోయ దగ్గరగా నుండును. పైగా ఆ రోడ్డు మన విహారమునకై కేటాయించిన మైదానము కాదు. సంతకు బుట్టలతో నడచు స్త్రీలు, బడికి పోవు పిల్లలు, పశువులు, అన్నియు ఆ అంచు మీదనే నడచును. అది వారి వీథి. మనము ఆ వీథిలో అతిథులము.

రానున్న శీతకాలమున భీమవరము నుండి లంబసింగికి బయలుదేరువారు నర్సీపట్నము చేరిన పిదప ఒక గంట కాలము వెచ్చించి కృష్ణదేవిపేట వెళ్ళి, సమాధి వద్ద ఒక్క నిమిషము నిలిచి, పిదప ఘాటు ఎక్కిన బాగుండును. అప్పుడు ఒక మలుపులో బండి ఆపి టీ త్రాగుచు లోయను చూచునపుడు, పక్కనున్న రాతిగోడ మీద చేయి వేసి చూడుడు. అట్టి రాళ్ళను ఒకప్పుడు కూలి దక్కని చేతులు మోసినవి. ఆ చేతుల పక్షమున మాట్లాడుటకు మన మోగల్లు కుటుంబపు యువకుడొకడు ఈ కొండ యెక్కి మరల దిగి రాలేదు.